‘ఎవరూ వినని అసలు రికార్డింగ్’ అని అమ్ముతున్న ఆ డాక్యుమెంటరీ సీజన్ కొనకండి

ఈ నెలంతా స్ట్రీమింగ్ యాప్ బ్యానర్ మీద తిరుగుతున్న ఎనిమిది ఎపిసోడ్ల మిస్సింగ్ కేసు గురించే చెబుతున్నాను. క్రైమ్ డాక్యుమెంటరీలు చూసేవాళ్ళకి ఏదో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, పేరు రాయను. మామూలు సబ్‌స్క్రిప్షన్‌లో రాదు, సీజన్ మొత్తానికి విడిగా డబ్బు కట్టాలి. కట్టించేది కూడా ఒకే ఒక్క మాట పెట్టి: ఇప్పటిదాకా ఎవరూ వినని అసలు ఫోన్ రికార్డింగ్. ట్రైలర్‌లో తెర నిండా అక్షరాలు వేసి మరీ చెప్పారు.

అది అసలుది కాదు. నటితో చెప్పించింది.

మొదటి ఎపిసోడ్ ఆ ఫోన్ కాల్‌తోనే మొదలవుతుంది. నల్లటి తెర, మధ్యలో ధ్వనికి తగ్గట్టు ఎగిరిపడే గీత, కింద మాటలు ఒక్కో అక్షరం టైపవుతూ వస్తుంటాయి, కుడి మూలన తేదీ, టైము. కూతురు ఇంకా ఇంటికి రాలేదని ఒక తల్లి ఎమర్జెన్సీ నంబరుకు చేసిన కాల్ అది. ఆమె పిల్ల పేరు చెప్పబోయి ఆగిపోతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది, గొంతు పూడుకుపోతుంది. మనసున్నవాడెవడైనా అక్కడ కదిలిపోతాడు. అదే కాల్‌ను ఎనిమిది ఎపిసోడ్లలోనూ తిప్పి తిప్పి వాడారు. నాలుగో ఎపిసోడ్‌లో ఒక మాజీ డిటెక్టివ్‌ను కూర్చోబెట్టి, ఆ కాల్ వినిపిస్తున్నట్టు చూపించి, ‘ఈ గొంతులో ఏదో తేడాగా ఉంది’ అనిపించారు. అక్కడి నుంచి కథ తల్లి మీదకు మళ్ళుతుంది. చివరిదాకా ఆమె మీద అనుమానం నిలబడేది ఆ గొంతు ఆధారంగానే.

ఇప్పుడు ఎనిమిదో ఎపిసోడ్ చివరి టైటిల్స్‌కు రండి. పాటల హక్కుల వివరాలకూ లొకేషన్ వాళ్ళకు చెప్పిన కృతజ్ఞతలకూ మధ్య ఒక్క లైను ఉంది: ‘కొన్ని ధ్వని రికార్డింగులను నటులతో తిరిగి రూపొందించాము.’ ఏ రికార్డింగులో లేదు, ఏ ఎపిసోడ్‌లోవో లేదు. ఉండేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు కూడా కంటపడనివ్వరు. టైటిల్స్ మొదలవగానే ప్లేయర్ తెరను మూలకు కుదించేసి, మిగతా చోటంతా తర్వాత చూడాల్సిన షో పోస్టరుతో నింపేస్తుంది. ఫోన్‌లో చూస్తే ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. వెంటనే ‘టైటిల్స్ చూడండి’ బటన్ నొక్కి, సరిగ్గా ఆ లైను దగ్గర పాజ్ చేస్తే తప్ప దాన్ని చదవడం ఎవరి వల్లా కాదు.

అంటే ఏం చేశారో చూడండి. ఒక నటి ఏడుపు వినిపించి, నిజంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లిని నేరస్థురాలిగా అనుమానించేలా చేశారు. ఆ డిటెక్టివ్ విన్నది అసలు కాలా, ఈ నటి గొంతా? ఎక్కడా చెప్పలేదు. అసలు కాల్ విని ఆయన ఆ మాట అనుంటే, మనకు వినిపించింది వేరు. నటి గొంతు విని అనుంటే ఆయన అభిప్రాయానికి విలువే లేదు. ఏది నిజమైనా మనల్ని మోసం చేసినట్టే.

రీఫండ్ అడిగితే చాట్‌లో వచ్చిన జవాబు ఇది: ‘ఇవి వినోదం కోసం తీసినవి. చివర్లో రాశాము కదా, మీరు చదువుకోవాల్సింది. ఎపిసోడ్లన్నీ ప్లే అయ్యాయి కాబట్టి డబ్బు తిరిగి రాదు.’ చివరి ఎపిసోడ్ టైటిల్స్‌లో నిజం దాచి, అక్కడిదాకా చూశారు కాబట్టి రీఫండ్ లేదనడం! పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ట్రైలర్‌లో అసలు రికార్డింగ్ అన్న మాట సంగతేంటని రెండోసారి అడిగితే, ‘ఇంకేమైనా సహాయం కావాలా’ అని టైప్ చేసి చాట్ మూసేశారు. ఒక మనిషి చావు మీద తీసిన దాన్ని అమ్ముకుంటూ, అడిగినవాళ్ళకి ‘వినోదం’ అని జవాబివ్వడానికి వాళ్ళకు నోరెలా వచ్చిందో అర్థం కాదు.

నటులతో తీయడమే తప్పని కాదు. 1988లో వచ్చిన ‘ది థిన్ బ్లూ లైన్’ డాక్యుమెంటరీ నిండా నటులతో తీసిన సన్నివేశాలే. డాలస్‌లో ఒక పోలీసు అధికారి హత్య కేసు అది. ఒక్కో సాక్షి చెప్పిన దాన్ని బట్టి అదే కాల్పుల ఘట్టాన్ని మార్చి మార్చి చూపిస్తుంది. వివరాలు ఒకదానితో ఒకటి పొసగవు. కాబట్టి చూస్తున్నది నిజం కాదని, ఎవరో చెప్పిన మాట అని ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది. చివర్లో అసలు సాక్ష్యం ఆడియోగా మాత్రమే ఉంది. అప్పుడు తెర మీద చూపించింది ఒక టేప్ రికార్డరును. వింటున్నది అసలు టేపు అని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేయని ఆ హత్యకు జైల్లో ఉన్న మనిషి 1989లో బయటికొచ్చాడు. ఫోన్ కాల్ వాడాలంటే అలా వాడాలి.

డ్రామాల్లోనూ నిజాయితీగా చేసినవాళ్ళున్నారు. 2019 నాటి ‘చెర్నోబిల్’ సిరీస్‌లో ఉలానా ఖోమ్యుక్ అనే శాస్త్రవేత్త కనిపిస్తుంది. అలాంటి మనిషి లేదు, చాలామంది శాస్త్రవేత్తల పనిని ఆ పాత్రలో పోశారు. ఆ సంగతి ముగింపులో తెర మీద చదివే వీలున్నంత సేపు ఉంచి, కథలో భాగంగానే చెప్పారు. టైటిల్స్‌లో పూడ్చిపెట్టలేదు. చివరి ఎపిసోడ్‌లోని విచారణకు, కథలో ముఖ్య శాస్త్రవేత్త అయిన లెగసోవ్ నిజానికి వెళ్ళనే లేదన్న సంగతిని రచయితే ఆ సిరీస్ పాడ్‌కాస్ట్‌లో ఒప్పుకున్నారు.

పేరున్నవాళ్ళు కూడా గీత దాటిన సందర్భాలున్నాయి. 2015లో వచ్చిన ‘ది జిన్క్స్’ ముగింపు అందరికీ గుర్తుండే ఉంటుంది. హత్యల అనుమానితుడు రాబర్ట్ డర్స్ట్ మీద తీసిన సిరీస్ అది. తీయకుండా వదిలేసిన మైకులో, బాత్‌రూమ్‌లో ఆయన తనలో తాను మాట్లాడుకున్న మాటలు. గొంతు ఆయనదే, మాటలూ ఆయనవే. కానీ వాటి వరుస మార్చి పక్కపక్కన పేర్చారని 2019లో కోర్టుకు చేరిన రాతప్రతితో బయటపడింది. 2021లో ఆయన హత్య కేసులో దోషిగానే తేలాడు. అయినా ఆ కూర్పు సరైనదైపోదు. చెఫ్, టీవీ వ్యాఖ్యాత ఆంథొనీ బోర్డెయిన్ మీద 2021లో వచ్చిన ‘రోడ్‌రన్నర్’లోనైతే, ఆయన రాసిన కొన్ని వాక్యాలను ఏఐ గొంతుతో చదివించారు. సినిమాలో ఎక్కడా చెప్పలేదు, దర్శకుడు ఇంటర్వ్యూలో చెబితేనే జనానికి తెలిసింది. ఆ తర్వాతే దీని మీద గట్టి చర్చ నడిచింది. పాత ఫుటేజీ, రికార్డింగులు వెతికిపెట్టే నిర్మాతల సంఘం, ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్, 2024లో ఏఐ వాడకం మీద మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. సృష్టించినదేదో ప్రేక్షకుడికి తెలియాలన్నదే వాటి సారం. కాబట్టి మాకు తెలియదని ఈ రోజుల్లో ఏ నిర్మాతా అనలేడు.

ఇక వినేటప్పుడు గమనించాల్సినవి. ఈ మిస్సింగ్ కేసు ల్యాండ్‌లైన్ రోజులది. మామూలు ల్యాండ్‌లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది. అందుకే అసలు రికార్డింగులో ‘స’, ‘ష’ మొద్దుగా వినిపిస్తాయి, గొంతులో అడుగు బరువు ఉండదు. ఇందులో ఆ తల్లి పీల్చిన ఊపిరి కూడా స్పష్టంగా వినిపిస్తుంది, గది ప్రతిధ్వనితో సహా. నిజమైన కాల్‌లో ఆపరేటరూ ఫోన్ చేసినవాళ్ళూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారన్న ప్రశ్న ముందే వచ్చేస్తుంది, ఇద్దరి గొంతుల స్థాయి ఒకేలా ఉండదు. ఇక్కడ ఒకరు ముగించాకే ఇంకొకరు మొదలుపెట్టారు, ప్రతి వాక్యమూ పూర్తయింది. అడ్రసు అడగనే లేదు. స్టూడియోలో ఫిల్టరు వేసి ఫోన్ గొంతులా మార్చడం చిటికెలో పని కాబట్టి మొద్దుగా వినిపించినంత మాత్రాన అసలుదని నమ్మకండి. మాటల నడక మాత్రం ఫిల్టరుతో మారదు, అది పట్టుకోండి.

బొమ్మ విషయంలో ఇంకాస్త తేలిక. ఒకే చర్యను రెండు మూడు కోణాల నుంచి చూపిస్తే, అది చాలావరకు నటించి తీసిందే. సంఘటన జరిగేటప్పుడు అక్కడ అన్ని కెమెరాలు ఎవరు పెడతారు? ముఖం చూపకుండా చేతులు, బూట్లు, వెనక మసక వెలుతురు మాత్రమే చూపిస్తే కూడా అనుమానించండి. పాత క్యాసెట్‌లా కనిపించేలా వేసిన గీతలు, మచ్చలు కాసేపటికొకసారి ఒకే వరుసలో తిరిగొస్తుంటే అది తర్వాత అతికించిన ఎఫెక్ట్.

ఇంటర్వ్యూల్లో అతుకులు వెతకాలి. ఎడిటింగ్ గదుల్లో దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు, అంటే వేర్వేరు చోట్ల అన్న ముక్కలు కలిపి ఒకే వాక్యంగా వినిపించడం. మాట్లాడుతున్న మనిషి నోరు సరిగ్గా వాక్యం మధ్యలో తెర మీద నుంచి మాయమై ఫొటోనో, కిటికీయో, వేళ్ళో కనిపిస్తాయి. అదే క్షణంలో గొంతు ఎత్తు మారుతుంది, లేదా రెండు మాటల మధ్య ఉండాల్సిన ఊపిరి ఉండదు. ఈ సిరీస్‌లో పొరుగింటావిడ చెప్పిన కీలకమైన వాక్యం రెండో సగం మొత్తం ఇంటి గేటు మీద నడిచింది. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, అతుకు వినిపిస్తుంది.

తెలుగు డబ్బింగ్‌లో చూసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెలుగు ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్ ఆపేస్తే, తెర మీద వచ్చే ఇంగ్లీషు రాతలకు అనువాదం చాలాసార్లు రాదు. ‘ఇది నటించి తీసిన సన్నివేశం’ అని మూలన వేసినా మనకు అందదు. పైగా అసలు టేపు మీద డబ్బింగ్ గొంతు పడిపోతుంది కాబట్టి, అది అసలుదో కాదో తేల్చుకునే దారే మూసుకుపోతుంది. డ్రామా అయితే డబ్బింగ్‌లో చూడండి, అభ్యంతరం లేదు. నేరాల డాక్యుమెంటరీ మాత్రం అసలు ఆడియోతో, తెలుగు సబ్‌టైటిల్స్‌తోనే చూడాలి.

‘నిజ కథ’ అన్న మాటల్లోనూ తేడాలున్నాయి. స్ఫూర్తితో అంటే దాదాపు ఏదైనా కల్పించవచ్చు, ఆధారంగా అంటే అసలు సంఘటన ఉంది కానీ పాత్రలూ మాటలూ మార్చారు. ఏ మినహాయింపూ లేకుండా ‘ఇది నిజ కథ’ అని వేస్తే ప్రతి ముఖ్యమైన విషయానికీ పూచీ పడ్డట్టు. 2024 నాటి ‘బేబీ రెయిన్‌డీర్’ అలాగే వేసి పరువు నష్టం దావాలో చిక్కుకుంది. ఆ మాట వేసిన తీరును ఎత్తిచూపుతూనే, దావా ముందుకు సాగవచ్చని ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలో జడ్జి అన్నారు. ఈ మిస్సింగ్ కేసు సిరీస్ వాళ్ళు ఎపిసోడ్ మొదట్లో ఏ మాటా వేయకుండా, ట్రైలర్‌లో మాత్రం అసలు రికార్డింగ్ అన్నారు. ఆ ఎంపిక తెలిసి చేసిందే.

నిడివి సంగతి కూడా చెప్పాలి. ఎపిసోడ్ 42 నిమిషాలు. అందులో మొదటి మూడు నిమిషాలు జరిగిన కథ, చివరి రెండు నిమిషాలు జరగబోయే కథ. ఎనిమిదింటికి కలిపి 40 నిమిషాలు, అంటే దాదాపు ఒక ఎపిసోడ్‌కు ఊరికే డబ్బు కట్టినట్టు.

కొనేముందు చేయాల్సింది కొంచెమే. సీజన్ మొత్తం ఒకేసారి కొనకుండా ఒక్క ఎపిసోడ్, వీలైతే చివరిది, తీసుకోండి. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ‘తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే ప్లే అవ్వాలి’ అన్న టిక్ తీసేయండి, అప్పుడు చాలా యాప్‌లలో టైటిల్స్ పూర్తి తెరలో వస్తాయి. ఎపిసోడ్ చూసే ముందే చివరి నిమిషానికి జరిపి, టైటిల్స్ ఆపి ఆపి చదవండి. అద్దెకు తీసుకుంటే ప్లే నొక్కిన క్షణం నుంచే గడువు నడుస్తుంది, చాలాచోట్ల అది 48 గంటలే. రీఫండ్ అడగాలంటే ప్లే చేయకముందో, తొలి ఎపిసోడ్‌లోనో అడగాలి. ట్రైలర్‌లోని ఆ మాటకూ, టైటిల్స్‌లోని ఆ లైనుకూ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, ట్రైలర్ ఎప్పుడైనా మార్చేస్తారు. కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగాలనుకుంటే, అకౌంట్ ఆపేసి అందులో కొన్న మిగతా సినిమాలు కూడా అందకుండా చేసే వీలుందని గుర్తుంచుకోండి. చాట్‌లో మాట్లాడితే, వాళ్ళు మూసేలోపే ఆ సంభాషణను ఈమెయిల్‌కు పంపమని అడగండి. విండో పోయిందంటే ఆ రాతలు మళ్ళీ దొరకవు.