టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో నా ఎనిమిది నెలలు

లెక్కలు చూడటం నా పని. కాగితం మీద ఏ అంకె తేడాగా ఉన్నా ఇట్టే పట్టేస్తాను. అవే అంకెల్ని పదిమంది ముందు నిలబడి చెప్పమంటే నోరెండిపోయేది. ఒక సమీక్షలో రెండో వాక్యానికే గొంతు పెగల్లేదు. పక్కనున్న సహోద్యోగి నా చేతిలోని కాగితాలు తీసుకుని మిగతాది చదివేశారు. ఆ వారమే, పదిమంది ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కి అతిథిగా వెళ్ళాను.

1924లో రాల్ఫ్ స్మెడ్లీ అమెరికాలో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే విని ఏది బాగుందో ఏది దిద్దుకోవాలో చెబుతారు. ఎదుట కూర్చున్నవాళ్ళంతా ఆ భయం తెలిసినవాళ్ళే కావడం నాకు కొండంత ధైర్యమిచ్చింది.

మొదట నన్ను లేపింది టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి నుంచి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. నిమిషానికి పచ్చ లైటు, నిమిషంన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు. పారేయలేని పాత వస్తువేదని నన్నడిగారు. నాన్నగారి చేతిగడియారం గురించి ఎత్తుకుని, పచ్చ వెలక్కముందే కూర్చుండిపోయాను. అయినా చప్పట్లు కొట్టారు.

తర్వాత ‘ఐస్ బ్రేకర్’, అంటే మన గురించి మనమే నాలుగు నుంచి ఆరు నిమిషాలు చెప్పుకునే మొదటి ప్రసంగం. అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాను. మధ్యలో ఒక్క వాక్యం జారిపోయేసరికి దాని వెనకున్నదంతా పోయింది. నా ప్రసంగాన్ని పరిశీలించినావిడ చెప్పిన మాట ఇప్పటికీ నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది: “మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం నోటికి రానివ్వండి. మధ్యలోది వరస గుర్తుంటే చాలు.” గుండెదడ ఎక్కువగా ఉండేది లేవబోయే ముందూ, మొదటి నిమిషంలోనూ. ఆ నిమిషం దాటించడానికి ఆ రెండు వాక్యాలే నాకు ఊతం. లేచే ముందు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలడం కూడా ఆవిడే నేర్పారు.

‘ఆ’ కౌంటర్ అని ఇంకొకరుంటారు. మాట తోచనప్పుడు మనం వాడే ఊతపదాలు లెక్కపెట్టడం వాళ్ళ పని. మొదటిసారి నావి పంతొమ్మిది “అంటే”లు. ఆ చోట ఊరికే ఆగమన్నారు. ఆగితే అందరూ నన్నే చూస్తారని హడలిపోయాను. తర్వాత వీడియోలో చూసుకుంటే, నాకు యుగంలా తోచిన ఆ మౌనం గట్టిగా రెండు సెకన్లు! నా చేతుల వణుకైతే వీడియోలో కనబడనే లేదు.

చేరాలనుకునేవాళ్ళు రెండు మూడు క్లబ్బులకి అతిథిగా వెళ్ళి చూడండి, ఒక్కో క్లబ్బు వాతావరణం ఒక్కోలా ఉంటుంది. పరిశీలించేవాళ్ళూ మనలాగే నేర్చుకుంటున్నవాళ్ళు కాబట్టి నిపుణుల శిక్షణ ఆశించవద్దు. భయం నిద్రనీ తిండినీ పోగొట్టేంత ఉంటే ముందు మానసిక వైద్యుల్ని కలవండి, క్లబ్బు చికిత్స కాదు. చేరాక మొదట టైమర్ బాధ్యత, అంటే సమయం చూసి లైట్లు వేసే పని అడగండి. లైట్ల సంగతి వివరించడానికి లేచి నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలంతే. నా మొదటి నెల అలాగే గడిచింది.

వచ్చే సమావేశంలో ఒకావిడ ఐస్ బ్రేకర్‌ని పరిశీలించడం నా వంతు. ఆవిడకి ఏం చెప్పాలో ఇప్పటినుంచే రాసుకుంటున్నాను.