కొత్త ఖాతాలోకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకుల తనిఖీలు: నాలుగేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

2021లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, సెలవుల డబ్బు అంతా ముప్పయ్యేళ్లుగా జీతం పడుతూ వచ్చిన ఒకే ఖాతాలో ఉండిపోయింది. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా కింద ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకు నుంచి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకే వస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందైతే అది లక్షే. అందువల్ల సొమ్మును నాలుగు చోట్ల సర్దుదామనుకున్నాను; ఇంట్లో కూర్చునే ఖాతా తెరిచే వీలున్న చిన్న బ్యాంకుల్లో వడ్డీ కూడా కాస్త మెరుగ్గా కనిపించింది. అలా ఇప్పటికి నాలుగు కొత్త ఖాతాలు తెరిచి, ప్రతి దానిలోకీ పాత బ్యాంకు నుంచే డబ్బు పంపాను. ఈ క్రమంలో పంపే బ్యాంకు, అందుకునే బ్యాంకు మోసాలను ఆపడానికి పెట్టే తనిఖీలు దాదాపు అన్నీ నా నెత్తిన పడ్డాయి కనుక, వాటిలో ఏది పనికొస్తుందో, ఏది ఊరికే తిప్పుతుందో రాస్తున్నాను. సొంత అనుభవం కాబట్టి బ్యాంకుల పేర్లు రాయడం లేదు.

మొదటి ఖాతా విషయంలో తప్పు నాదే. ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇవ్వగానే ఐదు నిమిషాల్లో ఖాతా నంబరు వచ్చేసరికి మురిసిపోయి, ఆ వారంలోనే పాత బ్రాంచికి వెళ్లి 3 లక్షలు నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పంపే పద్ధతి) చేయించాను. మనిషిని చూడకుండా కేవలం ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాలో నిల్వ లక్ష దాటకూడదని, ఒక ఆర్థిక సంవత్సరంలో పడే జమలన్నీ కలిపి 2 లక్షలు మించకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. యాప్‌లో అది నిబంధనల అడుగున ఎక్కడో ఉంటుంది. పంపిన డబ్బు సాయంత్రానికి తిరిగి వచ్చింది గానీ, మధ్యలో ఎక్కడుందో రెండు బ్యాంకుల్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తర్వాత వీడియో కేవైసీ, అంటే వీడియో కాల్‌లో గుర్తింపు తనిఖీ, చేయించుకున్నాను. అవతలి అధికారిణి అసలు పాన్ కార్డు పట్టుకోమన్నారు, తల అటూ ఇటూ తిప్పమన్నారు, నేను ఉన్న చోటు వివరం ఫోను నుంచే తీసుకున్నారు. ట్యూబ్‌లైటు మెరుపు పడి కార్డు మీది అక్షరాలు కనబడక, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని మూడోసారికి గట్టెక్కాను.

పంపే వైపు మొదటి తనిఖీ, కొత్త లబ్ధిదారును, అంటే మనం డబ్బు పంపబోయే ఖాతాను, చేర్చినప్పుడు పెట్టే గడువు. మా బ్యాంకులో పేరు చేర్చి ఓటీపీ కొట్టాక కొన్ని గంటల వరకు పంపడమే కుదరదు; ఆపై తొలి 24 గంటల్లో 50,000 దాటనివ్వరు. ఈ గంటలు, ఈ మొత్తం బ్యాంకును బట్టి మారతాయి. యూపీఐలోనూ ఇలాంటిదే ఉంది: కొత్తగా నమోదైనవారు మొదటి 24 గంటల్లో 5,000కు మించి పంపలేరు. మొదట్లో దీన్ని బాగా తిట్టుకున్నాను. ఇప్పుడు ఈ తనిఖీలన్నిటిలోనూ మనకు ముందే తెలిసేది, తెలుసుకుని సర్దుకోగలిగేది ఇదొక్కటే అంటాను. దీన్ని మెచ్చుకోవడానికి అసలు కారణం తర్వాత చెబుతాను.

అసలు చిక్కు రెండో ఖాతాతో వచ్చింది. 2023లో ఒక శనివారం సాయంత్రం, గడువులన్నీ దాటాక, 4 లక్షలు, అప్పటికప్పుడు చేరే ఐఎంపీఎస్‌లో పంపాను. దాని పరిమితి 5 లక్షలు కనుక నియమం ప్రకారం వెళ్లాలి. భద్రతా కారణాల వల్ల లావాదేవీ నిలిపివేశామని ఇంగ్లీషులో ఒక వాక్యం తెర మీద కనిపించింది, రెండు నిమిషాల్లో నెట్ బ్యాంకింగ్ తాళం పడింది. వెంటనే తెలియని నంబరు నుంచి ఫోను. ఎత్తలేదు. రెండోసారి కూడా ఎత్తలేదు. మూడోసారి ఎత్తితే, ఈ లావాదేవీ మీరే చేసినట్లయితే ఒకటి నొక్కండని రికార్డు చేసిన గొంతు వినిపించింది. మోసగాళ్లు కూడా అచ్చం ఇలాగే నొక్కమంటారు కనుక పెట్టేశాను. తెలియని నంబర్లను నమ్మవద్దని ఆ పూట ఉదయమే నాకు మెసేజ్ పంపిన బ్యాంకు, సాయంత్రానికి తెలియని నంబరు నుంచే నన్ను పరీక్షించింది. సేవలకు సంబంధించిన కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది కాబట్టి, ఈ గందరగోళం ఇప్పుడు కొంత తగ్గింది.

చివరికి డెబిట్ కార్డు వెనకున్న నంబరుకు నేనే చేసి, ముప్పై అయిదు నిమిషాలు సంగీతం విన్నాను. లైనులోకి వచ్చిన అబ్బాయి చివరి మూడు లావాదేవీలు అడిగాడు, డబ్బు వెళ్తున్నది ఎవరి ఖాతాలోకని అడిగాడు. నాదేనన్నాను. కాసేపు ఆగి, "ఇప్పుడు ఇంకో ఫోనులో ఎవరైనా లైనులో ఉండి మీ చేత ఇది చేయిస్తున్నారా సార్?" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తంలో తెలివైన ప్రశ్న అదొక్కటే. అయినా తాళం తీయడం తన చేతిలో లేదని సోమవారం బ్రాంచికి వెళ్లమన్నాడు. అక్కడ నన్ను ఇరవై ఏళ్లుగా ఎరిగిన అధికారి ఫారం ముందు పెట్టి, "మాస్టారూ, మీ అకౌంటు నేను ఆపలేదండీ, పై నుంచి సిస్టమే ఆపేసింది, ఎందుకో నాకూ కనబడదు" అన్నారు. ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు సంతకాలు పెట్టాక సాయంత్రానికి తెరుచుకుంది. నా ఫిర్యాదు ఆపినందుకు కాదు. రెండు ఖాతాలకూ పాన్ ఒకటే, ఫోను నంబరు ఒకటే; ఆ సంగతి చూడలేని యంత్రం నన్ను నాకే పరాయివాణ్ణి చేసింది. పైగా ఎందుకు ఆగిందో కౌంటరులో ఉన్న మనిషికి కూడా తెలియనివ్వలేదు.

మంగళవారం డబ్బు చేరింది. బుధవారం ఆ కొత్త బ్యాంకు నా ఖాతాను డెబిట్ ఫ్రీజ్ చేసింది, అంటే జమలు పడతాయి గానీ పైసా బయటికి రాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామన్నా వీల్లేదు. సొమ్ము ఎక్కడిదో చెప్పమని మెయిల్ వచ్చింది; విరమణ ఉత్తర్వు నకలు, పాత ఖాతా స్టేట్‌మెంటు పంపాను. తొమ్మిది రోజులు పట్టింది. లిఖితంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తానని చెప్పిన మర్నాడు తీశారు. ఆ మాటకు తీశారో, వాళ్ల పని అప్పటికి అయిందో తెలియదు. వాళ్ల భయం మాత్రం నాకు అర్థమవుతుంది. మోసం సొమ్మును దాటించడానికి కుర్రాళ్ల దగ్గర, కూలీల దగ్గర కమీషన్ ఇచ్చి అద్దెకు తీసుకునే ఖాతాలు, మ్యూల్ ఖాతాలంటారు వీటిని, పైకి సరిగ్గా నా ఖాతాలాగే ఉంటాయి: నిన్న మొన్న తెరిచినది, వెనక చరిత్ర ఏమీ లేనిది, ఒక్కసారిగా పెద్ద మొత్తం పడినది.

ఈ నాలుగేళ్లలో వచ్చిన మంచి మార్పు పేరు చూపించడం. 2010 నుంచి బ్యాంకులు కేవలం ఖాతా నంబరును బట్టి జమ వేయవచ్చు. మనం జాగ్రత్తగా టైపు చేసిన పేరును సరిచూడాల్సిన పని వాటికి లేదు. ఒక అంకె తప్పితే డబ్బు ఎవరికో పోయేది. 2025 ఏప్రిల్ 1 నుంచి నెఫ్ట్‌లోనూ, పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్‌లోనూ ఖాతా నంబరు, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కొడితే అవతలి బ్యాంకు రికార్డులోని పేరు ముందే కనబడే ఏర్పాటు వచ్చింది, రుసుము కూడా లేదు. దీనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు మన ఇంటిపేర్ల ఖాతాలో పోయింది. పాత పాసుబుక్కులో నా ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, పైగా చివర. నడుమ ఉన్న సత్య, వెంకటల్లో ఒకటి ఒకచోట ఉంటే రెండోది ఇంకోచోట. చూసేది మనిషైతే నవ్వి ఊరుకుంటాడు. మూడో ఖాతా తెరిచేటప్పుడు పేరు సరిచూడటానికి పాత ఖాతాలోకి రూపాయి పంపి చూసిన యాప్, పేర్లు కలవలేదని రెండుసార్లు వెనక్కి పంపింది.

ఆ 24 గంటల గడువును ఎందుకు మెచ్చుకున్నానో ఇప్పుడు చెబుతాను. మా వీధిలో ఉండే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు వాట్సాప్‌లో షేర్ల గుంపులో చేరి, 6 లక్షలు పంపబోయి, "యాప్ పనిచేయడం లేదండీ, కాస్త చూడండి" అంటూ మా ఇంటికి వచ్చారు. అప్పటికే 50,000 పోయింది. మిగతాది కొత్త లబ్ధిదారు పరిమితి వల్ల ఆగింది. కంపెనీకి పంపుతున్నాననుకున్న ఖాతాలో ఎవరో వ్యక్తి పేరు ఉంది. నా వరండాలోనే కూర్చుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశాం. పోయిన దానిలో కొంత అవతలి బ్యాంకులో నిలిపి ఉంచారు, దానికోసం ఆయన ఇంకా తిరుగుతున్నారు.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది: మొదట వెయ్యి పంపి, అది చేరాక రెండు రోజులు ఆగుతాను, పెద్ద మొత్తాన్ని వారం మధ్యలో, ఉదయం పూట, బ్రాంచి తెరిచి ఉండగా పంపుతాను. 2 లక్షలు దాటితే బ్రాంచిలో ఆర్టీజీఎస్ ఫారం నింపుతాను. మూడో ఖాతా, నాలుగో ఖాతా ఇలాగే ఒక్క తాళం కూడా పడకుండా నిండాయి.

పోయిన నెల మా ఆవిడ పేరున ఉన్న ఖాతా నుంచి మా అమ్మాయి కొత్త ఖాతాకు యాప్‌లో 80,000 పంపి నేను కూరగాయలకు వెళ్లాను. పది నిమిషాల్లో జవాబివ్వకపోతే రద్దు చేస్తామని ఆవిడ ఫోనుకు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. "ఏవండీ, బ్యాంకు వాళ్లేదో అడుగుతున్నారు, ఏం నొక్కమంటారు?" అని ఫోను చేసింది. రైతుబజారు రొదలో ఆ ఇంగ్లీషు ముక్కలను అక్షరం అక్షరం చదివించుకునేసరికి పది నిమిషాలూ అయిపోయాయి. అదే మెసేజ్ తెలుగులో వస్తే ఆవిడే చూసుకునేది.