హూవర్, డర్హమ్: బేస్‌బాల్ వారంలో రెండు ఊళ్ల ఆతిథ్యం

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మే నెలాఖరున జరిగే కాలేజీ బేస్‌బాల్ కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి) టోర్నమెంటుకు వెళ్లదలచిన తెలుగువారు ముందుగా తెలుసుకోవలసినది జట్ల బలాబలాలు కాదు, హోటలు గది రద్దు నిబంధనలు. ఈ మాట నేను కడుపుమంటతో రాస్తున్నానని చదివేవారు అనుకోవచ్చు. అది నిజమే. 2025 మే నెలలో అలబామాలోని హూవర్‌లో ఒక హోటలు మా వద్ద వసూలు చేసిన 811 డాలర్ల 40 సెంట్లు నాకు ఇప్పటికీ కంటిలో నలుసుగానే ఉన్నాయి. అదే ఊరి మైదానం పక్కన ముక్కూమొహం తెలియని కుటుంబం ఒకటి మా మామగారికి పెట్టిన పిడికెడు తిండికి వెల కట్టలేను.

మా అబ్బాయి చదువుతున్న విశ్వవిద్యాలయం సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఉన్నది. వాడు ఆటగాడు కాడు. పిచ్చర్లు విసిరే ప్రతి బంతి వేగాన్నీ, తిరుగుడునూ నమోదు చేసే విద్యార్థి బృందంలో పనిచేస్తాడు. టోర్నమెంటుకు జట్టుతోపాటు వాడు కూడా వెళ్తున్నాడనగానే నా భార్య బయలుదేరుదామన్నది. కందుకూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మామగారు, క్రికెట్ తప్ప వేరొక బంతాటను ఆటగా ఒప్పుకోని మనిషి అయినా, మనవడి కోసం సరేనన్నారు. మేముండే నార్త్ కరోలైనాలోని షార్లెట్ నుంచి అట్లాంటా మీదుగా హూవర్ సుమారు 400 మైళ్లు. ప్రయాణంలో చెప్పుకోదగినదేమీ జరగలేదు.

హూవర్ బర్మింగ్‌హామ్ నగరానికి ఆనుకొని ఉన్న శివారు పట్టణం. కాన్ఫరెన్స్ ప్రధాన కార్యాలయం కూడా బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నది. హూవర్ మెట్రోపాలిటన్ స్టేడియం 1988లో బర్మింగ్‌హామ్ బేరన్స్ అనే వృత్తి జట్టు కోసం తెరిచినది. బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్ ఆడబోయిన మైకేల్ జోర్డన్ 1994లో ఇక్కడే ఆడాడు. 2013లో బేరన్స్ జట్టు బర్మింగ్‌హామ్ నడిబొడ్డున కట్టిన కొత్త మైదానానికి వెళ్లిపోవడంతో, పదివేల మందికి పైగా పట్టే ఈ స్టేడియానికి ఏడాది పొడవునా ఆడే సొంత జట్టు లేకుండా పోయింది. 1998 నుంచి, కోవిడ్ వల్ల రద్దయిన 2020ని మినహాయిస్తే, ఏటా ఇక్కడే జరుగుతున్న ఈ టోర్నమెంటును ఆ పట్టణం ఎంత గట్టిగా పట్టుకొని కూర్చున్నదో ఈ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది. ఇటువంటి పోటీల కోసం నగరాలు కాన్ఫరెన్స్‌ల ముందు క్యూ కట్టేది టికెట్ల డబ్బు కోసం కాదు. జట్లు, తల్లిదండ్రులు, అభిమానులు, టీవీ సిబ్బంది వారం రోజులు గదులు తీసుకుంటారు, తింటారు, పెట్రోలు పోయించుకుంటారు. ఆ ఖర్చు మీద పడే పన్ను నగరపాలక సంస్థకు చేరుతుంది. అందువల్ల ఇన్ని హోటలు గదులు సిద్ధంగా ఉంచుతామన్న హామీకి మైదానంతో సమానమైన విలువ ఉంటుంది.

ఆ గదులలో ఒకటి మాకు దొరికింది. మైదానానికి దగ్గరలో ఉన్న ఆ హోటలు పేరు రాయను. ఆ వారంలో రాత్రికి 219 డాలర్లు. మరుసటి వారం అదే గది 104 డాలర్లకు కనిపించింది. కనీసం మూడు రాత్రులు తీసుకోవాలి, ముందే చెల్లించాలి, తిరిగి ఇవ్వరు. దీనికి తోడు "ప్రత్యేక కార్యక్రమ రుసుము" అని రాత్రికి 15 డాలర్లు. ఆ ప్రత్యేక కార్యక్రమం ఏమిటని అడిగితే కౌంటరులోని యువకుడు తలుపు మీద వేలాడుతున్న "అభిమానులకు స్వాగతం" అన్న బ్యానరును చూపించాడు. గదిలోకి వెళ్లగానే ఎవరో పాత రోజులలో కాల్చిన సిగరెట్ల వాసన కొట్టింది. ఏసీ నడిస్తే మాట వినపడదు, ఆపితే ఊపిరి ఆడదు. లిఫ్టు పనిచేయడం లేదు. మోకాళ్ల నొప్పితో బాధపడే మామగారు రెండవ అంతస్తుకు మెట్లు ఎక్కుతూ, ప్రతి మలుపులోనూ ఆగి, "అల్లుడుగారూ, రాత్రికి ఎంత అన్నారూ?" అని అడిగారు. ఆయనకు అంకె బాగానే గుర్తున్నది. నా చేత మళ్లీ చెప్పించడమే ఆయన ఉద్దేశమని రెండవ మలుపులో నాకు అర్థమైంది.

ఉదయం ఫలహారం తొమ్మిది వరకు అని కాగితం మీద ఉన్నది. ఏడున్నరకు మేము దిగేసరికి అరటిపండ్లు, పెరుగు, రొట్టె అన్నీ అయిపోయి, రంగు రంగుల తీపి అటుకుల వంటివి మాత్రం మిగిలాయి. నా భార్య ఊరి నుంచి తెచ్చిన కారప్పొడి సీసా చేతిలో పట్టుకొని, దానిని దేనిమీద చల్లాలో తెలియక అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండా గదికి వెళ్లిపోయింది. ఆమె నోరు విప్పని కోపం నోరు విప్పిన కోపం కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

అసలు దెబ్బ మంగళవారం తగిలింది. 2025 నుంచి ఈ టోర్నమెంటు నాకౌట్ పద్ధతికి మారింది. పదహారు జట్లూ వస్తాయి. మొదటి నాలుగు స్థానాలలోని జట్లు నేరుగా క్వార్టర్ ఫైనల్స్‌లో దిగుతాయి, తర్వాతి నాలుగు రెండవ రౌండులో ఆడతాయి, కింది ఎనిమిది మాత్రం మొదటి రౌండు ఆడాలి. మావాడి జట్టు ఆ ఎనిమిదిలో ఉన్నది, ఆ ఒక్క మ్యాచ్ ఓడింది, అంతటితో సరి. అంతకు ముందటి పద్ధతిలో పన్నెండు జట్లే వచ్చేవి గాని, తొలి అడుగు దాటిన జట్టుకు ఒక ఓటమి తర్వాత ఇంకొక అవకాశం ఉండేది. మామగారు దీనిని అన్యాయంగా భావించారు. "మా ఊళ్లో కబడ్డీ పోటీలకైనా లీగు పెడతారు. నాలుగు వందల మైళ్లు వచ్చిన పిల్లలను ఒక్క ఆటతో పంపేస్తారా?" అన్నారు. ఆయన ఆ పూట జట్టుకంటే ఎక్కువ నీరసపడ్డారు.

బుధవారం ఉదయం గది వదిలేస్తామని, ఆ రాత్రి డబ్బు పూర్తిగా కాకపోయినా కొంతైనా ఇవ్వమని మేనేజరును అడిగాను. నిబంధన ఒప్పుకోదన్నాడు. లిఫ్టు గురించి చెప్పాను. అది వేరే విషయమన్నాడు. నేను అక్కడే నిలబడి ఉండగా, రెండవ రౌండు చూడటానికి వచ్చిన ఒక కుటుంబం గది అడిగింది. అదే మేనేజరు అదే నోటితో, ఇప్పుడే ఒకటి ఖాళీ అయిందని, 239 డాలర్లని చెప్పాడు. అది మా గదో కాదో నేను రుజువు చేయలేను. కాని తాళంకార్డు నా చేతి నుంచి తీసుకొని బల్ల మీద పెట్టి ఇంకా నిమిషం కాలేదు. టోర్నమెంటు పద్ధతి మారి సగం జట్ల అభిమానులు తొందరగా వెళ్లిపోయే పరిస్థితి వచ్చినా, మూడు రాత్రుల షరతు మాత్రం మారలేదు. మారకపోవడంలో హోటళ్లకు ఎంత లాభమున్నదో ఆ కౌంటరు దగ్గర కళ్లారా చూశాను. అతిథులను రప్పించడానికి అంత శ్రమపడే నగరం, వచ్చిన అతిథిని ఎవరు ఎలా చూస్తున్నారో కూడా పట్టించుకోవాలి. గది రద్దుకు ఒక రోజు గడువైనా ఇచ్చిన హోటళ్లనే టోర్నమెంటు జాబితాలో చేర్చాలని షరతు పెడితే సరిపోతుంది.

ఇంత జరిగినా హూవర్‌ను పూర్తిగా కొట్టిపారేయలేకపోవడానికి కారణం మైదానం పక్కనున్న కారవాన్ల స్థలం. ఇళ్లవంటి పెద్ద వాహనాలలో వచ్చిన కుటుంబాలు అక్కడ వారమంతా మకాం వేస్తాయి. పందిళ్లు, మడత కుర్చీలు, పొయ్యిలు, జట్ల జెండాలతో అదొక తిరునాళ్ల. మా మ్యాచ్ మంగళవారం. మామగారు మంగళవారం మాంసం ముట్టరు. స్టేడియం లోపల మేము వెతికినంతలో హాట్ డాగ్, పంది మాంసపు బార్బెక్యూ, చికెన్, వీటికి దూరంగా ఏడు డాలర్ల జున్ను నాచోస్. ఆయన నాచోస్ ఒకటి నోట పెట్టుకొని, మిగిలినవి నాకు అందించి, ఆకలి లేదన్నారు. మ్యాచ్ అయ్యాక కారు వైపు నడుస్తుంటే ఒక పందిరి కింద పెద్ద డేగిసాలో ఏదో ఉడుకుతున్నది. ఆయన ఆగిపోయారు. వాసన పట్టేశారు.

ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. దక్షిణాది అమెరికన్లు వాటిని పొట్టుతోనే, ఉప్పు నీటిలో గంటల తరబడి ఉడకబెడతారు. ఆ పందిరి మిసిసిప్పీ నుంచి వచ్చిన వారిది. ప్రత్యర్థి జట్టు టోపీలు పెట్టుకొని ఉన్నారు. లోపల మాంసం ముక్క ఏమైనా వేశారా అని నేను మొహమాటపడుతూ అడిగితే, ఆ ఇంటి పెద్దావిడ నవ్వి, ఉప్పు, ఎండుమిరప తప్ప మరేమీ లేదని చెప్పి, పెద్ద కాగితపు గ్లాసు నిండా పోసి ఆయన చేతికిచ్చింది. మామగారు కుర్చీలో కూర్చొని, బొటనవేలితో కాయ నొక్కి, లోపలి ఉప్పు నీటిని జుర్రుకొని, గింజలు నములుతూ, పొట్టును ఎక్కడ వేయాలో కళ్లతోనే అడిగారు. ఆవిడ భర్త నేల చూపించాడు. ఆ తర్వాత అరగంట పాటు ఆయన తెలుగులోనూ వాళ్లు వాళ్ల సాగదీసిన ఇంగ్లీషులోనూ కాయ లేతగా ఉండాలా ముదరాలా అన్న విషయం మీద వాదించుకున్నారు. నేను కొంత అనువదించాను, చాలావరకు అవసరం పడలేదు. డబ్బు ఇవ్వబోతే ఆవిడ చిన్నబుచ్చుకున్నది. మా జట్టు ఓడినందుకు వాళ్లు మాతో ఒక్క ఎకసక్కెం మాట అనలేదు.

బుధవారం పొద్దున పక్కనే ఉన్న పెల్హామ్‌లోని హిందూ దేవాలయంలో దర్శనం చేసుకొని, సాయంత్రానికి ఇంటికి చేరాము.

అదే వారం ఇంకొక కూటమి అయిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టోర్నమెంటు మా రాష్ట్రంలోనే ఉన్న డర్హమ్‌లో జరుగుతున్నది. షార్లెట్ నుంచి 140 మైళ్లే కనుక, బేస్‌బాల్ మీద హోటలు చల్లిన చేదు పోవాలని శని, ఆదివారాలకు అక్కడికి వెళ్లాము. ఒక రాత్రి 138 డాలర్లు, ముందు రోజు వరకు రద్దు చేసుకోవచ్చు, కార్ పార్కింగ్ 10 డాలర్లు, టికెట్టు ఒక్కొక్కరికి 25. గది శుభ్రం. ఇంతకంటే దాని గురించి రాయనవసరం లేదు. ఫైనల్‌లో నార్త్ కరోలైనా 14-4తో క్లెమ్సన్‌ను చిత్తు చేసింది. హూవర్‌లో ఆ రోజే వాండర్‌బిల్ట్ 3-2తో ఓల్ మిస్‌ను ఓడించిన ఫైనల్ ఎంతో ఉత్కంఠగా సాగిందని విని మావాడు మా మీద జాలిపడ్డాడు.

డర్హమ్ బుల్స్ స్టేడియం 1995లో కట్టినది. ఎడమవైపు ఎత్తైన నీలి గోడ, దానిపైన ఆ ఊరి బుల్స్ జట్టు బంతిని మైదానం దాటించి హోమ్ రన్ కొట్టినప్పుడు ముక్కుల నుంచి పొగ వదిలే ఎద్దు బొమ్మ చూడముచ్చటగా ఉంటాయి. అయినా మామగారి కళ్లు మైదానం మీద నిలువలేదు. రోడ్డుకు ఆవల ఎర్ర ఇటుకల పొగాకు కర్మాగారం, లక్కీ స్ట్రైక్ అని రాసిన పొగగొట్టం ఉన్నాయి. దానినిప్పుడు రెస్టారెంట్లుగా, కార్యాలయాలుగా మార్చారు. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించి, బ్యారన్ అనే కొట్టంలో వేడి పెట్టి ఆకు ఆరబెట్టే రాత్రులలో మంట చూస్తూ మేలుకొన్న మనిషి ఆయన. ఆ రకం పొగాకు ఈ కరోలైనా, వర్జీనియా నేలల నుంచే మన జిల్లాలకు వచ్చిందని చెప్పగానే, ఆట నాలుగో ఇన్నింగ్స్‌లో ఉండగానే బయటకు నడిచారు. ఆ ఆవరణలో గంటసేపు తిరిగి, గిడ్డంగుల కిటికీలు, పట్టాలు, నీటి ట్యాంకు చూసి, "వేలం మాత్రం కందుకూరులోనే బాగుంటుంది" అని తీర్పు చెప్పారు. మైదానం నుంచి అడుగు దూరంలో తిండి, నీడ, చూడటానికి ఏదో ఒకటి ఉండటం డర్హమ్‌కు ఉన్న పెద్ద బలం. హూవర్‌లో కారు ఎక్కనిదే కాఫీ కూడా దొరకదు.

అయితే డర్హమ్‌కు ఈ పోటీ హూవర్‌కు దక్కినట్లు ఏటా దక్కలేదు. 2010 పోటీని బోస్టన్‌లోని ఫెన్వే పార్క్‌లో జరపాలనుకొని, ఆర్థిక మాంద్యం భయంతో గ్రీన్స్‌బొరోకు మార్చారు. 2011 నుంచి మూడేళ్లకు సౌత్ కరోలైనాలోని మిర్టిల్ బీచ్‌ను ఎంపిక చేస్తే, ఆ రాష్ట్ర శాసనసభ ఆవరణలో అప్పట్లో ఎగురుతున్న కాన్ఫెడరేట్ జెండా (అంతర్యుద్ధంలో బానిసత్వం నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణ రాష్ట్రాల జెండా) మీద నల్లజాతీయుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. అభ్యంతరం తెలిపినందువల్ల అదీ రద్దయింది. ప్రభుత్వ భవనాలలో జనన ధ్రువపత్రంలోని లింగం ప్రకారమే మరుగుదొడ్లు వాడాలంటూ 2016లో నార్త్ కరోలైనా చేసిన చట్టాన్ని వ్యతిరేకిస్తూ కాన్ఫరెన్స్ తన పోటీలను ఆ రాష్ట్రం నుంచి తరలించగా, 2017లో బేస్‌బాల్ కెంటకీలోని లూయివిల్‌కు పోయింది. ఊరి హోటళ్లు ఎంత బాగున్నా, చట్టసభలో ఎవరో చేసిన పనికి పండుగ వారం చేజారిపోవచ్చు.

మా సొంత ఊరు షార్లెట్ కూడా ఈ పోటీకి ఆతిథ్యం ఇస్తుంటుంది. 2021, 2022, 2024లలో ఇక్కడే జరిగింది. అక్కడి మైదానంలో కూర్చుంటే ఎదురుగా ఆకాశహర్మ్యాల వరుస. ఫోటోలకు అంతకంటే మంచి చోటు లేదు. కాని నగరం నడిమధ్యన కారు నిలపడానికి నేను 30 డాలర్లు ఇచ్చాను. ఊరివాడినే ఇలా పిండితే పైవారి సంగతి చెప్పాలా?

ఖర్చు లెక్క ఇది: హూవర్ ప్రయాణానికి గది, పెట్రోలు, టికెట్లు, తిండి కలిపి 1,118 డాలర్లు, డర్హమ్‌కు 367. క్రెడిట్ కార్డు సంస్థకు ఫిర్యాదు చేస్తే "ప్రత్యేక కార్యక్రమ రుసుము" 45 డాలర్లు మాత్రం వెనక్కి వచ్చాయి. కుటుంబంతో, పెద్దవారితో వెళ్లేవారికి డర్హమే మేలని నా సలహా. అక్కడి నుంచి కేరీలోని శ్రీ వేంకటేశ్వరాలయం కూడా దగ్గరే, 2022లో ప్రారంభించిన రాజగోపురం చూడవచ్చు. హూవర్‌కే వెళ్లవలసి వస్తే మైదానం దగ్గరి హోటళ్లను వదిలి, బర్మింగ్‌హామ్‌లోనో పెల్హామ్‌లోనో రద్దు చేసుకొనే వీలున్న గది తీసుకోండి, మీ జట్టు కింది ఎనిమిదిలో ఉంటే ఒక్క రాత్రికే తీసుకోండి, మ్యాచ్‌కు రెండు గంటల ముందే వెళ్లి కారవాన్ల మధ్య నడవండి. మామగారు మాత్రం వచ్చే ఏడు వీసా దొరికితే హూవర్‌కే వెళ్దామంటున్నారు. గది సంగతి నన్ను చూసుకోమన్నారు.