ఫార్మ్ షేర్ బుట్టా, ఇండియన్ స్టోరా?

ఫార్మ్ షేర్ అమెరికాలో 1986 నుంచి ఉన్న పద్ధతి. సీజన్ మొదట్లోనే రైతుకు డబ్బు కట్టేస్తాం, మా వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా పండినది వారం వారం పంచుకుంటాం. వడగళ్లు పడితే నష్టంలోనూ మనకు వాటా ఉంటుంది.

ఇండియన్ స్టోర్‌లో ఆ టెన్షన్ లేదు. దొండకాయ, మునక్కాయ జనవరిలోనూ దొరుకుతాయి, కాకపోతే దూరం నుంచి వచ్చి వడిలిపోయి ఉంటాయి.

బుట్టలో ఏమొస్తుందో మన చేతిలో లేదు. ఓసారి వరుసగా మూడు వారాలు స్విస్ చార్డ్ అనే ఆకుకూరే! విసుగొచ్చి కందిపప్పులో వేసి, చింతపండు పులుసు పోసి తాలింపు పెట్టాను. దాదాపు బచ్చలికూర పప్పులాగే కుదిరింది. కేల్ అనే ఇంకో ఆకుకూర మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

ఆకుకూరలు ఎక్కువ తినాలంటే బుట్టే మేలు, డబ్బు కట్టాక పారేయలేం కదా. కరివేపాకు కోసం స్టోర్‌కు ఎలాగూ వెళ్తాం.