జాగ్రత్త: నల్ల గ్రానైట్ పేరుతో రంగేసిన బూడిద రాయి అంటగడుతున్నారు

వంటగట్టుకి నల్ల గ్రానైట్ తీసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. నిగనిగలాడే ప్రతి స్లాబూ నల్లది కాదు. బూడిద రంగు రాయికి నల్ల రంగు పట్టించి, పైన మైనమో నూనెనో రుద్ది అమ్మేవాళ్లున్నారు. షాపు లైట్ల కింద తేడా పట్టుకోలేం. బిగించిన కొన్ని నెలలకి స్టవ్ పక్కన, సింకు చుట్టూ, అంటే రోజూ సబ్బుతో తుడిచే చోటే, మచ్చలు మచ్చలుగా తెల్లబారుతుంది. పాలిష్ పోయిందనుకుని మళ్లీ మెషీన్ పెట్టిస్తే ఇంకా పాడవుతుంది. రంగు ఉండేది పైపొరలోనే, మెషీన్ గీకేసేదీ ఆ పొరనే.

పట్టుకోవడం తేలికే. స్లాబు మూలని ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, లేకపోతే దుమ్ము నలుపే గుడ్డకి అంటి మోసపోతారు. తర్వాత తెల్ల గుడ్డని అసిటోన్‌లో తడిపి అర నిమిషం గట్టిగా రుద్దండి. నెయిల్ పాలిష్ రిమూవర్ అయినా పర్లేదు, కాకపోతే అసిటోన్ ఉన్నది, రంగు కలపనిది కావాలి. గుడ్డకి నలుపు దిగిందా, ఆ స్లాబు వద్దు. "అది పాలిష్ పౌడరండీ" అంటారు. అదే చోట ఇంకో కొత్త గుడ్డతో రుద్దండి. పౌడరైతే రెండోసారికి ఆగిపోతుంది, రంగైతే దిగుతూనే ఉంటుంది.

వెనకవైపు బూడిదగా ఉందని మాత్రం కంగారుపడొద్దు. పాలిష్ లేని ముఖం ఏ నల్లరాయికైనా పాలిపోయినట్టే కనిపిస్తుంది. విరిగిన అంచు మీద నీళ్లు చల్లి చూడండి. తడిసినా బూడిదగానే ఉండి, పైముఖం మాత్రం కాటుకలా ఉంటే అనుమానించాల్సిందే. అన్నట్టు, నల్ల గ్రానైట్ అని అమ్మేది చాలావరకు భూగర్భశాస్త్రం లెక్కలో గ్రానైట్ కాదు, డోలరైటో గాబ్రోనో అనే వేరే రకం నల్లరాళ్లు. అది వ్యాపారంలో వాడే పేరు, మోసం కాదు.

ఇంకో రెండు పరీక్షలు చిన్న ముక్క అడిగి తీసుకుని చేయండి. నిమ్మరసం పావుగంట ఉంచి కడిగితే మెరుపు చచ్చిందంటే అందులో సున్నపు ఖనిజం ఉంది, వంటగట్టుకి పనికిరాదు. నీటి చుక్కలు వేసినచోట అయిదు నిమిషాల్లో ముదురు మచ్చ పడితే రాయి పీలుస్తోందని అర్థం, సీలర్ (రాయి మరకలు పీల్చకుండా లోపలికి దిగే ద్రవం) కొట్టించాలి. అరగంటైనా మచ్చ పడకపోతే సీలర్ వద్దు. లోపలికి దిగలేక పైనే జిడ్డు పొరలా మిగిలిపోతుంది. రంగేసిన రాయికైతే సీలర్ అసలు పరిష్కారమే కాదు.

సింకు కటింగ్ దగ్గరుండి చూసుకోండి. గట్టు పగిలేది ఎక్కువగా సింకు ముందున్న సన్నటి పట్టీ దగ్గరే. లోపలి మూలలు గుండ్రంగా తిరగాలి. బ్లేడు మూల దాటి గీత వదిలితే బరువు పడ్డప్పుడు పగులు అక్కడినుంచే మొదలవుతుంది. మందం టేపుతో నాలుగు చోట్ల కొలవండి. 20 మిల్లీమీటర్లని చెప్పి 16 దించేవాళ్లు ఉన్నారు. అంచుకి కింద పట్టీ అతికిస్తే పలచటి రాయీ మందంగానే కనిపిస్తుంది కాబట్టి కొలత అంచు దగ్గర కాదు, కోసిన రంధ్రం దగ్గర తీసుకోవాలి. కోసి తీసిన ఆ ముక్కని ఇంటికి తెచ్చుకోండి, ఏ క్లీనరైనా ముందు దానిమీదే వాడి చూడొచ్చు.

తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. తుప్పు మరకలు తీసే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది క్వార్ట్జ్ లాంటి గట్టి ఖనిజాన్నే తినేస్తుంది. అలాంటివి గట్టు దగ్గరికి రానివ్వొద్దు. నూనె మరకకి వంటసోడాని నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి 24 గంటలు ఉంచాలి. కాగితం తీసి పూర్తిగా ఆరాక గీకేయాలి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ వేయాలి.

ఇప్పటికే రంగు రాయి బిగించేసి ఉంటే, మిగిలిన రంగుని కూడా అసిటోన్‌తో మొత్తం దించేయడం మేలు. అప్పుడు గట్టంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది. ఆ పని స్టవ్ ఆపి, సిలిండర్ వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి చేయండి, అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.