ఏటీఎంలో ఆ రెండో ప్రశ్న: ఆరేళ్లుగా ఫారెక్స్ కార్డు వాడాక

2018లో సింగపూర్ వెళ్లే ముందు తీసుకున్నాను ఈ ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ డబ్బు ముందే వేయించుకుని అక్కడ వాడుకునే కార్డు. మధ్యలో గడువు తీరి ఒకసారి కొత్తది వచ్చింది. అంతే తప్ప, అప్పటి నుంచి మా ఇంటి విదేశీ ప్రయాణాలన్నీ దీని మీదే నడిచాయి. కార్డు ఎలా తీసుకోవాలి, ఏ కాగితాలు ఇవ్వాలి అన్నవి అందరికీ తెలిసినవే. నేను రాయాలనుకున్నది ఏటీఎం తెర మీద వచ్చే ఒక్క ప్రశ్న గురించి. దాని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

2023 డిసెంబర్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్లాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. కార్డులో 40,000 బాట్లు (అక్కడి కరెన్సీ) ముందే వేయించాను. మర్నాడు పొద్దున్నే ఫీ ఫీ దీవులకు పడవ. బుకింగ్ చేసినావిడ డబ్బు నోట్లలోనే కావాలంది. రాత్రి పటాంగ్ బీచ్ రోడ్డులో ఒక ఏటీఎం దగ్గర ఆగాను. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, చిన్నవాడు నిద్రకు ఏడుస్తున్నాడు. 10,000 బాట్లు అని కొట్టాను.

మొదటి ప్రశ్న వచ్చింది: ఈ మిషన్ వాడినందుకు 220 బాట్ల ఫీజు, ఒప్పుకుంటారా? థాయ్‌లాండ్‌లో బయటి దేశాల కార్డులకు ఈ ఫీజు మామూలే. వద్దంటే పని అక్కడితో ఆగిపోతుంది. ఒప్పుకున్నాను. వెంటనే రెండో తెర. రూపాయల్లో ఒక మొత్తం, పక్కన ఒక రేటు, కింద రెండు బటన్లు: ‘యాక్సెప్ట్ కన్వర్షన్’, ‘డిక్లైన్ కన్వర్షన్’. ఇది కూడా మొదటి ప్రశ్న లాంటిదే, వద్దంటే డబ్బు రాదేమో అనుకుని యాక్సెప్ట్ నొక్కాను. నోట్లు వచ్చాయి.

హోటల్‌కి వచ్చి వైఫైలో యాప్ తెరిచిన మా ఆవిడ, “ఏవండీ, మీరు తీసింది పదివేలే కదా? పదకొండు వేల మూడు వందల చిల్లర పోయింది చూడండి” అంది. చూస్తే నిజంగానే 11,371 బాట్లు తగ్గి ఉన్నాయి. ఏటీఎం ఫీజు 220 తీసేసినా ఇంకా 1,151 బాట్లు ఎక్కువ. అప్పటి లెక్కలో దాదాపు 2,700 రూపాయలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఎలా పోయిందో తెలియనందుకు.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది. కార్డు ఇండియాలో ఇచ్చింది కాబట్టి, మిషన్ దాన్ని రూపాయల కార్డు అనుకుంటుంది. లోపల బాట్లు ఉన్నాయని దానికి తెలియదు. అందుకే బాట్లను రూపాయల్లోకి తన సొంత రేటుకు మారుస్తానంటుంది. ఆ రోజు బాటు బయట 2.40 దగ్గర ఉంటే, మిషన్ వేసింది 2.58. అక్కడ ఒక దెబ్బ. ఇక నా కార్డు సంగతి. దానికి రూపాయల్లో బిల్లు వచ్చింది, లోపల రూపాయలు లేవు. కాబట్టి బాట్లను మళ్లీ రూపాయల్లోకి మార్చి కట్టింది, వేరే కరెన్సీలో వాడినందుకు మూడున్నర శాతం వేసుకుంది. అది రెండో దెబ్బ. బాట్ల దేశంలో, బాట్లు ఉన్న కార్డుతో, బాట్లు తీసుకోవడానికి రెండుసార్లు మార్పిడి ఖర్చు కట్టాను.

కార్డు వాళ్ల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, మిషన్ దగ్గర మీరే ఒప్పుకున్నారు కాబట్టి మేం చేసేదేం లేదన్నారు. అది నిజమే కావచ్చు. కానీ కార్డు చేతికిచ్చిన రోజు ఇన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్లు, ఆ రెండో తెరలో డిక్లైన్ నొక్కండి అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా. నా బాధ అదే.

రెండు రోజులాగి అదే ఏటీఎంకి వెళ్లాను. మొదటిదానికి ఒప్పుకుని, రెండోదానికి డిక్లైన్ నొక్కాను. చేతులు కాస్త వణికాయనే చెప్పాలి. నోట్లు మామూలుగానే వచ్చాయి! సరిగ్గా 10,220 బాట్లు తగ్గాయి, కార్డు కంపెనీ ఏటీఎం ఫీజు విడిగా. అంటే మొదటి ప్రశ్నకు వద్దంటే డబ్బు రాదు, రెండోదానికి వద్దన్నా వస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపుల్లో స్వైపింగ్ మిషన్ కూడా ఇదే అడుగుతుంది, కొన్నిచోట్ల క్యాషియరే రూపాయలు నొక్కేస్తాడు. స్లిప్ మీద రూపాయలు కనిపిస్తే సంతకం పెట్టకముందే రద్దు చేయించి, అక్కడి కరెన్సీలో మళ్లీ తీయమనండి.

2019లో దుబాయ్ నుంచి వచ్చాక ఈ కార్డు గురించి నేను మా చుట్టాలందరికీ గొప్పగా చెప్పాను. రేటు ముందే ఖాయమవుతుంది, జేబులో నోట్ల టెన్షన్ ఉండదు అని. దుబాయ్‌లో మాల్స్, మెట్రో, హోటల్ అన్నిటికీ కార్డే నడిచింది, కాబట్టి ఆ మాట అక్కడికి నిజం. థాయ్‌లాండ్‌లో టుక్‌టుక్, రోడ్డు పక్క భోజనం, రాత్రి బజారు అన్నీ నోట్లే, లేదా అక్కడివాళ్ల క్యూఆర్ కోడ్. తీసిన ప్రతిసారీ 220 బాట్లు పోయాయి. నిరుడు వియత్నాం వెళ్లినప్పుడైతే నా కార్డులో అక్కడి కరెన్సీ డాంగ్ వేసే వీలే లేదు. డాలర్లు వేసుకుని వెళ్తే ప్రతి వాడకానికీ ఆ మూడున్నర శాతం. (అక్కడ 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలమే. చీకట్లో టాక్సీవాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి.)

అందుకే ఇప్పుడు సగం డబ్బు వంద డాలర్ల నోట్లలో పట్టుకెళ్తున్నాను. చిన్న నోట్లకంటే వంద నోటుకు బ్యాంకాక్‌లో మంచి రేటు ఇస్తారు. నోటు మడతలు పడకుండా, గీతలు లేకుండా ఉండాలి, పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో పైన కౌంటర్ల కంటే, కింద రైలు స్టేషన్ దగ్గరున్న వాటిలో రేటు చాలా నయం. రాత్రి పూట దిగితే అవి తెరిచి ఉండకపోవచ్చు కాబట్టి టాక్సీకి సరిపడా మాత్రం పైనే మార్చుకోండి.

కార్డు మానేస్తానా అంటే, మానను. మేం ఐదుగురం, అమ్మ మందుల కోసం ఎప్పుడైనా పెద్ద మొత్తం అవసరపడవచ్చు. హోటల్ బిల్లుకు, ఆసుపత్రికి కార్డు ఉంటే నాకు ధైర్యం. విదేశాల్లో వాడినందుకు మార్కప్ (అదనపు శాతం) వేసుకోని డెబిట్ కార్డు ఉన్నవాళ్లకూ, ఒంటరిగా తిరిగేవాళ్లకూ దీని అవసరం అంత ఉండకపోవచ్చు.

నా మాట విని కార్డు తీసుకున్న అక్కావాళ్లు సంక్రాంతి సెలవులకు పట్టాయా వెళ్తున్నారు. మొన్న అక్కకు ఫోన్ చేసి ఆ రెండు తెరల సంగతి వివరంగా చెప్పాను. ఆ రెండో తెర ఫొటో కూడా పంపి, ఏ బటన్ నొక్కాలో ఎర్ర గీత గీసి పెట్టాను.