తూపిలిపాలెం ఇసుకలో డేరా, సూళ్లూరుపేట దారిలో క్యారవాన్

తిరుపతి జిల్లాకు సముద్రం ఉందన్న సంగతి తిరుపతిలోనే చాలామందికి పట్టదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు తీరం నెల్లూరు నుంచి మనకు వచ్చింది. అయినా పిల్లలు బీచ్ అనగానే కారు చెన్నై వైపే తిరుగుతుంది. మన ఊరి పక్కనుంచి పారే స్వర్ణముఖి శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వాకాడు వైపు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ఆ దారి పట్టుకుని పోయేవాళ్లు మాత్రం తక్కువ.

వైకుంఠ ద్వార దర్శనాల రద్దీలో తిరుపతిలో గది దొరకదు, రోడ్డు మీద అడుగు పడదు. బయటి ఊళ్లవాళ్లు ఇక్కడ గదుల కోసం వెతుక్కుంటుంటే మేము ఊరు వదిలి తీరం దారి పడతాం. కాలం కూడా అందుకు కలిసి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాల భయం. మార్చి దాటితే ఇసుక మీద పాదం పెట్టలేం. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి దాకానే ఈ తీరంలో ఆరుబయట పడుకోవడం సుఖం.

ఈ తీరం దారిలో మూడు రకాలుగా బస చేసి చూశాం: డేరా, క్యారవాన్, ఏసీ గుడారం. ముందు డేరా సంగతి. సముద్రం ఒడ్డున ఉన్న పల్లె తూపిలిపాలెం తిరుపతి నుంచి వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నాయుడుపేట దాటాక వరిపొలాలు, తర్వాత రొయ్యల చెరువులు, ఆపైన సరుగుడు తోటలు. బకింగ్‌హామ్ కాలువ కూడా ఈ తీరం వెంబడే సాగుతుంది. ఒకప్పుడు మద్రాసుకు కట్టెలు, ఉప్పు పడవల్లో పోయిన కాలువ అంటే పిల్లలు నమ్మరు, దాని వాలకం ఇప్పుడు అలా ఉంది. మేము దిగిన చోట ఇసుక, అలలు, లాగిపెట్టిన పడవలు తప్ప గొడుగు నీడ కూడా లేదు. అందుకే నాకు నచ్చింది. అందుకే కొందరికి నచ్చదు కూడా.

ఇసుకలో డేరా వేయడం కొండమీద వేసినట్టు కాదు. డేరాతో పాటు ఇచ్చే ఇనుప మేకులు పొడి ఇసుకలో గాలికి ఒక్క గుంజుకే ఊడి వస్తాయి. మా వారు పాత బియ్యం సంచులు తెచ్చారు. వాటిలో ఇసుక నింపి, మూతి బిగించి, డేరా తాడు కట్టి, మోకాటి లోతు గుంట తీసి పూడ్చారు. రాత్రంతా గాలి డేరాను దడదడలాడించినా సంచులు కదల్లేదు. ఇక డేరాకు రెండు వైపులా జాలీ ఉండాలి. చలిగాలి వస్తుందని అన్నీ మూసేస్తే తెల్లారేసరికి మన ఊపిరి తడే పైకప్పుకు పట్టి బొట్లు బొట్లుగా మొహం మీద పడుతుంది.

మేము డేరా విప్పుతుంటే వల బాగుచేసుకుంటున్న ఒకావిడ లేచి వచ్చి, "అమ్మా, ఇంకో పది బారలు పైకి జరుపుకోండి. రేపు పౌర్ణమి, నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి" అన్నారు. తీరం మీద ఎండిన నాచు, గవ్వలు, చెత్త ఒక గీతలా పేరుకుని ఉంటాయి. పోటు అక్కడిదాకా వచ్చిందని దాని అర్థం. పౌర్ణమికీ అమావాస్యకీ ఆ గీతను కూడా నమ్మకూడదట. ఆవిడ ఇంట్లోనే స్నానాలకూ మిగతా అవసరాలకూ ఏర్పాటు చేసుకున్నాం. మేము ఇచ్చిన డబ్బు తీసుకోవడానికి మొహమాటపడి, దానికి బదులు అన్నట్టు వంజరం పులుసు కూడా పంపారు. మామిడికాయ వేసిన పులుసు. ఏ రిసార్టులోనూ అలాంటిది తినలేదు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఇసుక మీద దీపాలు వెలిగితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. గుడ్లు పగిలి బయటికి వచ్చే పిల్లలు నీళ్ల వైపు పోవాల్సింది పోయి వెలుతురు వైపు పాకుతాయి. నెగడు వేసుకుని పాటలు పెట్టుకోవడానికే వచ్చేవాళ్లు ఇంకేదైనా చోటు చూసుకుంటే మంచిది. మేము ఎర్ర కాగితం చుట్టిన టార్చితోనే సరిపెట్టుకున్నాం. సముద్రంలో ఈత మాటే తలపెట్టవద్దు. ఇక్కడ అల వెనక్కి లాగే బలం ఎక్కువ, కాపాడేందుకు గట్టు మీద ఎవరూ ఉండరు.

డేరా ఖర్చు దాదాపు లేనట్టే. కానీ మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యను నేల మీద పడుకోబెట్టలేం. పులికాట్ సరస్సు వైపు ఆవిడను తీసుకెళ్లాలని క్యారవాన్ మాట్లాడుకున్నాం.

క్యారవాన్ అంటే టెంపో ట్రావెలర్‌ను మంచాలు, చిన్న వంటగది, టాయిలెట్‌తో మార్చిన బండి. చెన్నై నుంచి అద్దెకు తెప్పించాం. ఫోటోల్లో టాయిలెట్ తళతళలాడింది. బండి వచ్చాక దాని తలుపుకు తాళం! "వాడకూడదు మేడమ్, తర్వాత కడగడానికి మనుషులు లేరు" అన్నాడు డ్రైవరు. బండి అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేసి అడిగితే "దారిలో పెట్రోలు బంకులు ఉంటాయి కదా" అని సమాధానం. క్యారవాన్‌కు ఇచ్చే అదనపు డబ్బంతా ఆ చిన్న గది కోసమే కదా, దానికి తాళం వేస్తే మిగిలేది పరుపులున్న వ్యాను. అద్దెకు తీసుకునేవాళ్లు బయలుదేరకముందే టాయిలెట్ వాడనిస్తారా, మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు, మంచినీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు, బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ దేనిమీద నడుస్తుంది, డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చివరి ప్రశ్న ఎవరూ అడగరు. మా డ్రైవరు ముందు సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు, పొద్దున అదే మనిషి హైవే మీద మమ్మల్ని నడిపించాలి.

రాత్రి ఎక్కడ ఆపాలన్నది ఇంకో చిక్కు. క్యారవాన్ల కోసం కట్టిన స్థలం మాకు ఈ దారిలో కనిపించలేదు. నాయుడుపేట దగ్గర తెలిసినవాళ్ల రైస్ మిల్లు ఆవరణలో పెట్టాం. నీళ్లు, కరెంటు, కాపలా అన్నీ ఉన్నాయి, తవుడు వాసన కూడా ఉంది. కేరళలో 2021లోనే ప్రభుత్వం క్యారవాన్ విధానం తెచ్చి, బండ్లతో పాటు అవి ఆగే పార్కుల గురించి కూడా ఆలోచించింది. బండి కొనడం తేలిక, ఆపే చోటే అసలు సంగతి.

పగలు మాత్రం క్యారవాన్ తన విలువ చూపించింది. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. అత్తయ్య కాసేపు నడిచి, కాసేపు బండిలో నడుం వాల్చి, మళ్లీ దిగి చూశారు. కారులో వస్తే గంటలోనే "పోదాం పదండి" అనేవారు. అక్కడినుంచి సూళ్లూరుపేట. చెంగాళమ్మ గుడికి రాత్రి కూడా తలుపులు మూయరు కాబట్టి వేళ చూసుకోకుండా వెళ్లొచ్చు. ఊరు దాటగానే శ్రీహరికోట రోడ్డు పులికాట్‌ను చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప చుట్టుపక్కల నీళ్లు పలచగా ఉన్నచోట ఫ్లెమింగోలు తల కిందులుగా ముంచి మేస్తుంటాయి. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రోడ్డు చివర ఇస్రో రాకెట్ కేంద్రం షార్ గేటు. అనుమతి లేనివాళ్లు అక్కడినుంచి వెనక్కి తిరగాల్సిందే. రాకెట్ ప్రయోగం చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఆ రోజు ఈ రోడ్డు మీద క్యారవాన్ కాదు కదా, స్కూటరు ఆపడం కూడా కష్టం.

భీమునివారిపాలెం దగ్గర పడవ ఎక్కి ఇరకం దీవి వైపు వెళ్లాలనుకుంటే లైఫ్ జాకెట్ ఇచ్చే పడవే ఎక్కండి. అక్కడ బేరమాడవద్దు.

ఇక మూడోది, ఏసీ గుడారం. గ్లాంపింగ్ అంటున్నారు. మన వైపు చూసి చూసి చివరికి మహాబలిపురం దారిలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఒక చోట దిగాం. గుమ్మటంలాంటి తెల్లటి గుడారం, లోపల డబుల్ కాట్, వెనక వేడినీళ్ల బాత్రూము, వెదురు కుర్చీలు. అత్తయ్య పరమ సంతోషించారు. నాకేమో గుడ్డ గోడలున్న హోటల్ గదిలో ఉన్నట్టే అనిపించింది. సముద్రం ప్రహరీ గోడకు అవతల ఉంది, అలల హోరును ఏసీ రొద మింగేసింది. పక్క ఆవరణలో పెళ్లి సంగీతం అర్ధరాత్రి దాకా ఆగలేదు, గుడ్డ గోడ దాన్ని ఎక్కడ ఆపుతుంది? డబ్బు మాత్రం మంచి హోటల్ గదికి రెండింతలు. బిల్లులో పన్ను కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న బసకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. ధర ఆ గీతకు కొంచెం పైన ఉంటే బుక్ చేసేముందు బేరమాడటం దండగ కాదు. మహాబలిపురం మాత్రం మహాబలిపురమే. పొద్దున్నే తీర దేవాలయం దగ్గరికి జనం రాకముందు వెళ్లగలిగితే ఆ రాత్రి ఖర్చు గురించి గొణుక్కోవడం కొంత తగ్గుతుంది.

ఇంత తిరిగాక నాకు తూపిలిపాలెంలో గుమ్మటాలూ ఏసీలూ రావాలని లేదు. తాళం వేసుకోగలిగిన నాలుగు మరుగుదొడ్లు, ఒక మంచినీళ్ల కొళాయి, క్యారవాన్ నిలపడానికి గట్టి నేల, ఒక పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, సముద్రం వైపు వెలుతురు పడని దీపాలు చాలు. వాటిని చూసుకునే పని ఆ పల్లె ఆడవాళ్లకు ఇచ్చి, రాత్రికి ఇంత అని రుసుము పెడితే సంతోషంగా కడతాం. పులుసుకు వేరే డబ్బు.